వరిగింజలోని వ్రాత

గోదావరి మండలముల స్త్రీలకు వరిని గూర్చి ఒకరు చెప్పవలసిన దేమున్నది? బియ్యము గుప్పిట బట్టి చూచి పాతవో క్రొత్తవో చెప్పగల ఇల్లాలు ప్రతి గ్రామమునందును కలదు. ఏ బియ్యము నీరు కొంచె మెక్కువైనను ముద్దగట్టునో, ఏది పులిహోరకు పొడిపొడిగా విచ్చునో, ఏది అటుకులకును, ఏది అరిసెలకును తగినదో ఆమెకు పుస్తకములు చూడకయే తెలియును. అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఒకే నేలలో, ఒకే కాలువ నీటితో, ప్రక్కప్రక్క మళ్ళలో పెరిగిన రెండు వంగడములలో ఒకటి ఎఱ్ఱని బియ్యమును, ఇంకొకటి తెల్లని బియ్యమును ఏల ఇచ్చుచున్నవి? ఒకటి వండునప్పుడు ఇల్లంతయు సువాసన నిండుటయు, ఇంకొకటి వండినప్పుడు ఏ వాసనయు లేకుండుటయు ఏల? వరద వచ్చి రెండును మునిగిపోగా, ఒకటి కుళ్ళిపోవుటయు, ఇంకొకటి మరల చిగిర్చుటయు ఏల?

ఈ ప్రశ్నలకు సమాధానము గింజలోనే వ్రాయబడి యున్నదనియు, ఆ వ్రాతను చదువ వచ్చుననియు గడచిన ఇరువదియైదేండ్లలో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ చదువునకును మన పొలములకును గల సంబంధమును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము. అందులో ముఖ్యముగా ఒక్క సంగతి చదువరుల మనస్సునకు పట్టింపదలచితిమి. వరిజాతి వ్రాత అంతయు ఏ ఒక్క వంగడమునందును లేదు. మనలను ముంపునుండి కాచు వాక్యము, మొదట చదివిన ప్రతిలో లేనే లేకపోయినది.

రామచంద్రపురమును, దాని చుట్టుప్రక్కల ద్రాక్షారామము మున్నగు గ్రామములును గోదావరి తూర్పు డెల్టాలోనివి. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ భూములకు కాలువ నీరు తెచ్చినది. ఆ నీటి చలువ వలననే నేడు సార్వా, దాళ్వా అను రెండు పంటలును చేతికి వచ్చుచున్నవి. అయితే నీరు సులభముగా వచ్చు పల్లపు నేలనుండి నీరు పోవుట అంత సులభము కాదు. ఊడ్పులు ముగిసి పైరు వేళ్ళు నిలద్రొక్కుకొను సమయముననే వానలు విడువక కురిసినచో, మురుగుకాలువలు నిండి చేలు చెరువు లగును. ఎగువనుండి నదికి వరద వచ్చినచో చెప్పనే అక్కఱలేదు. 1986 ఆగస్టు వరదయు, 1996 నవంబరు తుపానును, 2022 జూలై వరదయు గోదావరి మండలములవారు మఱచునవి కావు. ముంపు తగిలిన యేట రైతు రెండవమాఱు ఆకు కొనవలెను, రెండవమాఱు ఊడ్పుకూలి ఇయ్యవలెను. ఆ ఖర్చునకు ముందుగా కదలునది ఇల్లాలి మెడలోని బంగారమే. కావున ముంపుసంగతి పొలమునకు మాత్రమే గాక వంటయింటికిని సంబంధించినది.

వరి నీటిమొక్కయే గదా, నీట మునిగినంత మాత్రమున ఏల చచ్చునని కొందఱు అడుగవచ్చును. వరి నీటిలో పెరుగు మొక్కయే కాని నీటిక్రింద బ్రదుకు మొక్క కాదు. దాని పాదములు నీటిలోను, తల గాలిలోను ఉండవలెను. తలయు మునిగినప్పుడు గాలి చాలదు, బురదనీటిలో వెలుతురందదు, ఆకులు తమ ఆహారమును సిద్ధము చేసికొనలేవు. అప్పుడు సామాన్యమైన వరిమొక్క ఎట్లయినను తల పైకెత్తవలెనని ఆత్రపడి కాండమును ఆకులను సాగదీయును. అందుకై తనలో దాచుకొన్న పిండిపదార్థమును, చక్కెరను ఖర్చుచేయును. నీరు రెండు మూడు దినములలో తీసినచో బ్రదుకును. వారము దాటెనా, నిలువ అంతయు తరిగిపోవును; నీరు తీయగానే సన్నగా పొడుగు సాగిన ఆ మొక్క నేలబడి కుళ్ళును. గాదె ఖాళీయైన పిమ్మట కాపుర మెట్లు నిలుచును?

మన డెల్టాలో పుట్టి దేశమంతట ప్రాకిన స్వర్ణ వంగడమునకును ఈ లోప ముండెను. పశ్చిమగోదావరిలోని మారుటేరు వరిపరిశోధనాస్థానము 1925లో స్థాపింపబడినది. అచ్చట వశిష్ఠ, మసూరి అను రెండు వంగడములను సంకరపఱచి సృష్టించిన ఎం.టి.యు. 7029 అను వరి 1982లో స్వర్ణ అను పేరుతో వెలువడినది. ఆ అక్షరములలోనే మారుటేరు పేరున్నది. దిగుబడి మెండు, ఎరువు ఖర్చు మితము, నూకకు లొంగని గింజ. ఇన్ని గుణము లుండుటచేత ఒడిశా, వంగ, బీహారు రాష్ట్రముల రైతులును, బంగ్లాదేశపు రైతులును దీనిని తమ వరిగా చేసికొనిరి. కాని ఆ ప్రాంతములు సైతము నదుల పల్లములే. నీరు వారముదినములు నిలిచినచో స్వర్ణయు తక్కిన వరులవలెనే చచ్చుచుండెను. ఈ లోపము తీరిన విధము తెలియవలెనన్న, ముందుగా గింజలోని వ్రాత యెట్టిదో తెలిసికొనవలెను.

ప్రతి జీవి శరీరమును కంటికి కనబడని కణములతో కట్టబడినది. వరిమొక్కలోని ప్రతి కణమునందును డీఎన్ఏ అను సన్నని దారము చుట్టలు చుట్టుకొని యున్నది. ఆ దారముపై నాలుగే అక్షరములు. శాస్త్రజ్ఞులు వానికి ఎ, టి, జి, సి అని పేర్లు పెట్టిరి. ఈ నాలుగు అక్షరములే వేఱువేఱు వరుసలలో వచ్చి, వేరు ఎట్లు పెరుగవలెను, వెన్ను ఎప్పుడు పొడుచుకొని రావలెను, గింజకు ఏ రంగు రావలెను అను ఆజ్ఞలను తెలుపుచున్నవి. ఒక్కొక్క ఆజ్ఞను జన్యువు అందురు. ఆజ్ఞలన్నిటిని, వాని నడుమనున్న తక్కిన వ్రాతను కూడ కలిపి జీనోము అందురు. వరి జీనోములో సుమారు 39 కోట్ల అక్షరములు కలవు. అవి 12 సంపుటములుగా విభాగింపబడి యున్నవి. ఈ సంపుటములకే క్రోమోసోములని పేరు. తల్లినుండి యొక ప్రతియు, తండ్రినుండి యొక ప్రతియు వచ్చుటచేత ప్రతి సంపుటమును రెండేసి ప్రతులుగా నుండును.

ఈ 39 కోట్ల అక్షరములను వరుసగా చదువుటకు పది దేశముల శాస్త్రజ్ఞులు చేతులు కలిపిరి. జపాను, అమెరికా, చైనా, ఫ్రాన్సు, బ్రెజిల్, బ్రిటను మున్నగు దేశములతోపాటు మన భారతదేశమును అందులో భాగము వహించినది. పదునొకండవ సంపుటములో కొంతభాగమును ఢిల్లీలోని మన శాస్త్రజ్ఞులు చదివిరి. చదువుటకు ఎన్నుకొన్నది నిప్పన్‌బరె అను జపానుదేశపు వంగడము. 2005 ఆగస్టులో పని ముగిసినదని ప్రకటించిరి. ఆహారధాన్యములలో సంపూర్ణముగ చదువబడిన మొదటి జీనోము వరిదే.

చదువుట వేఱు, అర్థము తెలియుట వేఱు. మన పూర్వులు వ్రాసిన తాళపత్రగ్రంథమును చూచినవారికి ఈ భేదము సులభముగ బోధపడును. తాటాకుపై పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. వాక్యాంతమున గుర్తు లేదు. అక్షరములు తెలిసిన బాలుడు దానిని ఏకరువు పెట్టగలడు, అర్థము చెప్పలేడు. పండితుడు వచ్చి పదవిభాగము చేసి, ఈ పద మిచ్చట మొదలై అచ్చట ముగిసినది, దీని అర్థ మిది అని టీక వ్రాసినప్పుడే ఆ గ్రంథము మనకు ఉపకరించును. వరి వ్రాతకును అట్టి టీక కావలసివచ్చినది. జపానుదేశపు సుకుబా నగరములో 2004 డిసెంబరులో శాస్త్రజ్ఞులు సభగా కూడి ఈ పనికి పూనుకొనిరి. జన్యువుల టీక అనునది వారి శాస్త్రములో నేడొక ప్రత్యేకశాఖ.

ఆ టీక వ్రాయుటకు మార్గములు నాలుగు. జన్యువు ఎచ్చట మొదలగునో, ఎచ్చట ముగియునో తెలుపు అక్షరముల గుర్తులు కొన్ని కలవు; వానిని కంప్యూటరుచే వెదకింతురు. ఇది మొదటి మార్గము. కణము తనకు అవసరమైన ఆజ్ఞకు మాత్రమే ఎప్పటికప్పుడు నకలు తీయును. ఆ నకలుకు ఆర్ఎన్ఏ అని పేరు. మునిగిన మొక్కలో ఏ నకళ్ళు పెరిగినవి, ఎండిన మొక్కలో ఏవి పెరిగినవి అని పరీక్షించుట రెండవ మార్గము. గోధుమ, జొన్న మొదలగు చుట్టపు మొక్కలలో అట్టి జన్యువే యేమి చేయుచున్నదో చూచి పోల్చుట మూడవది. జన్యువును చెఱచి, మొక్కలో ఏ లోపము వచ్చినదో చూచుట నాలుగవది. అన్నిటిలో నమ్మదగినదియు, అన్నిటికంటె కష్టమైనదియు ఈ నాలుగవదే.

ఇందులో చిక్కులు లేకపోలేదు. హరికథలో కథకుడు నడుమ పిట్టకథ చెప్పి మరల అసలు కథకు వచ్చినట్లు, ఒక్కొక్క జన్యువు నడుమ ఆజ్ఞకు సంబంధింపని వ్రాత వచ్చి, అటు పిమ్మట ఆజ్ఞ మరల సాగును. ఎచ్చట పిట్టకథ మొదలైనదో పొరబడినచో అర్థమంతయు తారుమారగును. అందుచేత టీకాకారులలో భేదాభిప్రాయములు కలిగినవి. 2005లో ప్రకటించిన లెక్కలో వరికి 37,544 జన్యువులు కలవు. తరువాత అమెరికాలోని ఒక వర్గము 39,045 అని తేల్చినది. జపాను వర్గము 2007లో సుమారు 32,000 అనినది. చదివిన అక్షరములు ఒక్కటే, పదవిభాగము వేఱు. ఇన్ని వేల జన్యువులలో ప్రయోగముచే పని నిర్ధారింపబడినవి కొన్ని వేలు మాత్రమే. తక్కినవానికి వ్రాసిన టీక ఇప్పటికిని ఊహయే.

అయినను తేలిన కొన్ని సంగతులు మన వంటయింటివారికి మిక్కిలి రుచించునవి. అడవివరి బియ్యము ఎఱ్ఱనిది. ఆ ఎఱుపు నిమ్మని ఆజ్ఞాపించు జన్యువులో 14 అక్షరములు జారిపోవుటచేత తెల్లబియ్యము పుట్టినదని మేగన్ స్వీనీ, సూసన్ మెకూచ్ అను అమెరికా శాస్త్రజ్ఞురాండ్రు తమ సహచరులతో కలసి 2006లో తెలిపిరి. లోకమున తెల్లబియ్యపు వంగడములలో మిక్కిలి భాగమునకు ఈ 14 అక్షరముల లోపమే కారణము. అట్లే సువాసనబియ్యపు సంగతి. ఆ వాసన నిచ్చు పదార్థము గింజలో చేరకుండ అడ్డుకొను జన్యు వొకటి కలదు. అందులో 8 అక్షరములు తప్పిపోయిన వంగడములలో అడ్డు తొలగి సువాసన నిలిచినదని 2005లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కొన్ని కోట్ల అక్షరముల నడుమ ఎనిమిదింటి లోపము బాసుమతికి అంతటి పేరు తెచ్చినది! ఎఱుపును వాసనను ఎన్నుకొని, నచ్చిన గింజను మరుసటి యేటికి విత్తనముగ దాచినవారు ఎవరు? ఈ శాస్త్రము పుట్టుటకు వేలయేండ్ల ముందు పొలములలోను, ముంగిళ్ళలోను ధాన్యము చెఱిగిన ఆడువారికిని ఆ ఎన్నికలో పెద్ద పాలు కలదు.

వరి వ్రాత ముందుగా చదువబడుటకు కారణ మేమన, అది చిన్నది, సరళమైనది. తక్కిన మొక్కలన్నియు ఇంత లొంగునవి కావు. మన్యములో లంబసింగి చలినేలలపై ఇటీవల పండించుచున్న స్ట్రాబెరీ పండును చూడుడు. పదునెనిమిదవ శతాబ్దిలో ఉత్తర అమెరికా మొక్కయు, దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు మొక్కయు ఫ్రాన్సుదేశపు తోటలలో కలియగా పుట్టినదే నేటి తోటస్ట్రాబెరీ. వరికి ప్రతి సంపుటమును రెండేసి ప్రతు లుండగా, దీనికి ఎనిమిదేసి ప్రతులు. ఏడు సంపుటములు ఎనిమిదేసి ప్రతులుగా 56 క్రోమోసోములు. ఇంచుమించు ఒకేతీరున నున్న ఎనిమిది పుస్తకముల ఆకులు కలగలిసిపోయినచో ఏ ఆకు ఏ పుస్తకమునిదో ఏర్పఱచుట ఎంత కష్టమో ఊహింపుడు. దాని చుట్టమైన అడవిస్ట్రాబెరీ రెండేసి ప్రతులదే కావున దాని జీనోము 2010 డిసెంబరులోనే ప్రకటింపబడినది. తోటస్ట్రాబెరీ వ్రాత 2019వఱకును ఆగవలసివచ్చినది. కామరోసా అను వంగడమును చదివి, లక్షకు పైబడిన జన్యువులను గుర్తించిరి. పండు ఎంత చిన్నదైనను వ్రాత అంత పెద్దది. అచ్చటను ఒక్క వంగడమును చదివి ఊరకుండలేదు. రుచి యొకదానిలోను, తెగులును తట్టుకొను బలము వేఱొకదానిలోను ఉండుటచేత పలు వంగడములను పోల్చి చూచుట సాగుచున్నది.

ఇక ముంపు సంగతికి వత్తము. ఒడిశాలో ధాలపుట్టియ అను నాటువంగడము కలదు. దానినుండి ఏర్పఱచిన ఎఫ్.ఆర్. 13ఏ అను వరి రెండు వారములు పూర్తిగా మునిగి యుండియు బ్రదుకును. కాని అది పొడుగుమొక్క, దిగుబడి తక్కువ, అన్నము రుచింపదు. మునకను తట్టుకొను దాని గుణమును మంచి వంగడములకు తేవలెనని ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరిపరిశోధనసంస్థవారు ఏండ్లతరబడి సంకరములు చేసిరి. మంచి గుణముతోపాటు చెడ్డగుణములును వెంట వచ్చుచుండెను. ఆ మంచి గుణము వ్రాతలో ఏ పుటలో నున్నదో తెలియకపోవుటయే దీనికి కారణము. ఆ పుట తొమ్మిదవ సంపుటములో నున్నదని 1996లో కెనాంగ్ జూ, డేవిడ్ మెకిల్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పదియేండ్ల పిమ్మట 2006లో వారును, పామెలా రోనాల్డ్ అను శాస్త్రజ్ఞురాలును, సహచరులును కలసి అక్కడి జన్యువునే పట్టుకొనిరి. దాని పేరు సబ్1ఏ.

విచిత్రమేమన, ప్రపంచమంతయు ప్రమాణముగ పెట్టుకొన్న నిప్పన్‌బరె ప్రతిలో ఈ జన్యువు లేదు. దాని తోబుట్టువు లనదగిన సబ్1బి, సబ్1సి అనునవి మాత్రమే అందున్నవి. మఱికొన్ని వంగడములలో సబ్1ఏ ఉన్నను పాఠభేదమువలన బలహీనమై యున్నది. 2005లో చదివిన గ్రంథమును ఎంత శ్రద్ధగా తిరుగవేసినను, ఎంత గొప్ప టీక వ్రాసినను ఈ వాక్యము దొరకెడిది కాదు. ఒడిశా బీదరైతు గాదెలో దాగిన వంగడమును చదివిరి కావుననే దొరకినది. ఆ రైతులు, మంచి దిగుబడి వచ్చుట లేదని ఆ వంగడమును విడిచివేసి యున్నచో, ఎన్ని యంత్రము లున్నను ఎవరు కనుగొనగలిగెడివారు?

ఈ జన్యువు పని చేయు విధము వినదగినది. మామిడికాయలను గడ్డిలో మాగవేసినప్పుడు కాయలలో పుట్టి వానిని పండించు వాయువునకు ఎథిలీను అని పేరు. మునిగిన మొక్కలోను ఈ వాయువే బయటికి పోజాలక నిలిచిపోవును. సామాన్యమైన వరికి అది పెరుగుమని హెచ్చరిక. సబ్1ఏ ఉన్న వరిలో ఆ వాయువే ఈ జన్యువును మేల్కొలుపును. మేల్కొన్న జన్యువు, తొందరపడకుము, సాగకుము, నిలువ ఖర్చు చేయకుము అని మొక్కను అదుపులో పెట్టును. మొక్క ఊపిరి బిగబట్టినట్లు కదలక యుండును. నీరు తీసిన పిమ్మట, దాచుకొన్న ఆహారముతో మరల చిగిర్చును. కఱవుకాలమున ఉన్నదానిని పొదుపుగా వాడి సంసారమును గట్టెక్కించు ఇల్లాలి నీతియే ఇది. జూలియా బెయిలీ-సెరెస్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో ఈ క్రమమును వివరించినది.

జన్యువు దొరకిన పిమ్మట దానిని స్వర్ణలో ప్రవేశపెట్టుట యెట్లు? ఇచ్చట మన తెలుగువారు గర్వింపదగిన సంగతి యున్నది. హైదరాబాదులోని వరిపరిశోధనసంస్థకు చెందిన శాస్త్రజ్ఞురాలు శ్రీమతి సి. ఎన్. నీరజ, మెకిల్ మొదలగువారితో కలసి చేసిన ఈ కృషిని తెలుపు వ్యాసము 2007లో వెలువడినది. ఆ వ్యాసకర్తలలో ప్రథమనామము ఆమెదే. వారు స్వర్ణను, ముంపు కోర్చు వరితో సంకరపఱచిరి. పుట్టిన సంతతిని మరల మరల స్వర్ణతోనే కలిపిరి. ప్రతి తరమునందును నారుదశలోనే ఆకు ముక్క తీసి వ్రాతను పరీక్షించి, సబ్1ఏ ఉన్నవానిని, తక్కినచోట్ల స్వర్ణను పోలినవానిని మాత్రము నిలుపుకొనిరి. మూడుమాఱు లిట్లు చేయగా లభించిన మొక్కలో, ఆ జన్యువు చుట్టుప్రక్కల 23 మొదలు 34 లక్షల అక్షరముల మేర తప్ప, పరీక్షించిన తావులన్నిటను స్వర్ణయే. అదే స్వర్ణ-సబ్1. 2009లో మన దేశమున రైతులకు విడుదలయైనది. ఇందులో ప్రయోగశాలలో జన్యువును కోసి అతికించిన దేమియు లేదు. వరికిని వరికిని జరిగిన వివాహమే. వ్రాత చదువ నేర్చుటవలన సంబంధము కుదుర్చుట మాత్రము సులభమైనది.

ఇది సర్వరోగనివారిణి యని యెంచరాదు. నీరు రెండు వారములు మించి నిలిచినచో ఈ వరియు నిలువజాలదు. పూతదశలో వచ్చు ముంపునకు ఇది మందు కాదు. నారు పోయక నేరుగా వెదజల్లిన విత్తనము మొలకదశలోనే మునిగినచో దానికి కావలసిన జన్యువు వేఱు. ఆ జన్యువు బర్మాదేశపు ఖావో హ్లన్ ఆన్ అను పాతవంగడములో 2015లో కనుగొనబడినది. దిగుబడికి పేరుపొందిన ఐ.ఆర్. 64లో అది లేదు. ఇచ్చటను అదే నీతి. క్రొత్త వంగడములో పోయినది పాతదానిలో దొరకినది.

ఇట్టి అనుభవములవలన, ఒక్క ప్రతి చాలదని శాస్త్రలోకము గ్రహించినది. భారతాది గ్రంథములను పరిష్కరించు పండితులు పలు తావులనుండి తాళపత్రప్రతులను తెప్పించి పాఠాంతరములను సరిచూచినట్లు, చైనా, ఫిలిప్పీను సంస్థలు కలసి 89 దేశములకు చెందిన 3,010 వరివంగడములను చదివినవి. 2018లో ఫలితము ప్రకటింపబడినది. ఆ ప్రతుల నడుమ ఒక్కొక్క అక్షరపు భేదములు 2 కోట్ల 90 లక్షలు కనబడినవి. నిప్పన్‌బరెలో లేని జన్యువులు పదివేలకు పైగా బయటపడినవి. వానిలో అనేకములకు ఇంకను టీక వ్రాయవలసియే యున్నది. చౌడును, చీడను, తెగులును, వేడిని తట్టుకొను ఆజ్ఞలు అందెన్ని యున్నవో ఎవరు చెప్పగలరు?

మన యిండ్లలో నిత్యము వండు సాంబమసూరి కథయు దీనికి సాక్ష్యము. బాపట్లలో పుట్టి 1986లో వెలువడిన ఈ సన్నబియ్యపు వంగడమునకు ఆకుల నెండబెట్టు బ్యాక్టీరియా తెగులు పెద్ద శత్రువు. హైదరాబాదులోని కణజీవశాస్త్రకేంద్రమును, వరిపరిశోధనసంస్థయు కలసి, మూడు రక్షకజన్యువులను సంకరముచే దీనిలో చేర్చి, 2008లో మెఱుగుపఱచిన సాంబమసూరిని వెలువరించినవి. ఆ మూటిలో నొకటి ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చినది. అచ్చటి నీటిపట్టున ఎవరును విత్తకయే మొలచిన గడ్డిలోని వాక్యము నేడు కృష్ణాగోదావరుల నడుమ అన్నముకుండను కాచుచున్నది.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు వ్రాతను చదువుటతో ఆగక, అక్షరములను దిద్దుటకును పూనుకొనిరి. సాంబమసూరిలో గింజల సంఖ్యను తగ్గించి యుంచు ఒక జన్యువును దిద్ది హైదరాబాదు సంస్థ సృష్టించిన కమల అను వంగడమును 2025 మే 4వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఇట్టివాని లాభనష్టములు అనేక ఋతువులు, అనేక నేలలు చూచిన పిమ్మటనే నిశ్చయముగ తేలును. కాని ఒక్క మాట ఇప్పుడే చెప్పవచ్చును. టీక తప్పైనచో దిద్దుబాటును తప్పగును. ఉన్న అక్షరమును దిద్దవచ్చును గాని, పోయిన వంగడములోని వాక్యము ఏమై యుండెనో ఎవరును చెప్పజాలరు.

సోదరీమణులారా! అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, అత్రగడలు అను పేర్లు మీ అమ్మమ్మల నోట మీరు వినియుందురు. డెల్టాలో నేడు కొలది వంగడములే చేలన్నిటిని ఆక్రమించుకొన్నవి. దిగుబడి తక్కువ దానిని రైతు విడుచుటలో తప్పు లేదు. కుటుంబము గడువవలెను గదా. కాని విడుచుటకును నశింపజేయుటకును భేదము కలదు. మీ ఇంటనో, పుట్టింటనో, మెట్టలోని బంధువుల ఇంటనో పాతవంగడపు విత్తనము గుప్పెడున్నను పాఱవేయవలదు. దాని పేరు, ఊరు, గుణము వ్రాసి యుంచుడు. నీటికోర్చునా, చౌడునేల పండునా, బాలింతకు పెట్టుదురా, చద్ది చెడకుండునా అను సంగతులు పెద్దల నడిగి చేర్చుడు. శాస్త్రజ్ఞులు వ్రాయు టీకకు ఇవియే మొదటి పంక్తులు; ఎఫ్.ఆర్. 13ఏ ముంపు కోర్చునని మొదట తెలిసినది యంత్రములకు గాదు, దానిని పండించినవారికే.

అట్టి విత్తనమును భద్రపఱచుటకు మారుటేరు పరిశోధనాస్థానము కలదు. హైదరాబాదు రాజేంద్రనగరులో జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థవారి శాఖ కలదు. ఢిల్లీలోని వారి విత్తననిధిలో గింజలను గడ్డకట్టు చలిలో దశాబ్దములు చెడకుండ నిలుపుదురు. 2001 సంవత్సరపు వంగడముల రక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము, రైతులు తాము కాపాడిన వంగడమును తమ పేర నమోదు చేయించుకొనవచ్చును. తమ పంటలోని విత్తనమును దాచుకొనుటకును, ఇచ్చిపుచ్చుకొనుటకును ఆ చట్టము హక్కు నిచ్చుచున్నది. ఈ సంగతి తెలిసిన స్త్రీ తెలియనివారికి చెప్పవలెను.

గాదె అడుగున విత్తనపు ధాన్యమును వేఱుగా కట్టి, ఎంత ఇబ్బంది వచ్చినను దానిని వండకుండుట మన యింటి పెద్దల నియమము. ఆకలికి లొంగి విత్తనమును తిన్నవారికి మరుసటియేడు లేదని వారెఱుగుదురు. ఒక్క యింటికి పనికివచ్చిన ఆ నియమము నేడు దేశమునకంతకును కావలసి యున్నది. రాబోవు ముంపునకును, ఎండకును, తెగులునకును మందు ఏ గింజలో వ్రాయబడి యున్నదో ఇంకను చదువబడలేదు. చదువునంతవఱకు ఆ గింజను బ్రదికించి యుంచుట మన వంతు.